గాలికి తీసిన తరుగు

ఫిబ్రవరి 11

అక్కా,

ఉత్తరం చూసి కంగారు పడకు, అందరం బాగానే ఉన్నాం. మొన్న ఫోన్లో నువ్వు మోకాళ్ళ నొప్పుల గురించి చెప్తుంటే నేను "చాలా సంతోషం" అన్నానని మీ మరదలు తర్వాత తలంటింది. పదహారేళ్ళు టర్బైన్ పక్కన నిలబడితే ఆ హోరు నా చెవుల్లో కాపురం పెట్టేసింది. ఇక మనకి ఫోన్లు వద్దు. కాగితం మీద రాస్తే నాకు అంతా వినపడుతుంది.

మా పిల్ల కందిరీగ హాస్టల్లో "మా నాన్న గాలి రాని రోజు పనిచేస్తాడు" అని చెప్పిందట. ఇంతకన్నా బాగా మా స్టేషన్ గురించి ఎవరూ చెప్పలేదు. గాలిమరలు ఆగితే గ్రిడ్ వాళ్ళు మాకు ఫోన్ చేస్తారు, మేం బాయిలర్ లేపి కరెంటిస్తాం. లేకపోతే ఇనుప ముక్కలకి నూనె రాసుకుంటూ కూర్చుంటాం. ఈ ఏడాది ఇంతవరకూ లేపింది ఆరుసార్లే. జూలై ఆఖరుకి నలభై పిలుపులు దాటకపోతే స్టేషన్ మూసేస్తామని నోటీసు అంటించారు. మూసేస్తే తర్వాత నా సంగతేమిటో చూసుకోవాలి. కందిరీగ ఉండే ఊళ్ళో పాలిటెక్నిక్ వాళ్ళు బాయిలర్ పాఠాలు చెప్పేవాడి కోసం చూస్తున్నారట. ఆ మాట మేస్త్రీతో అంటే, "నీ గొంతు నీకే వినపడదు, పిల్లలకేం వినిపిస్తావయ్యా" అని నవ్వాడు.

మేస్త్రీ అంటే మా బాయిలర్ మేస్త్రీ, నాకు పని నేర్పిన పెద్దాయన. ఇంకో రెండేళ్ళలో దిగిపోతాడు. ఆయన ముప్పై ఏళ్ళు దాటాక చదువు నేర్చుకున్నాడు. లాగ్‌బుక్కులో సంతకం పెట్టాలంటే ముందు కళ్ళజోడు తుడుచుకుంటాడు, తర్వాత చెయ్యి తుడుచుకుంటాడు, అప్పుడు పెడతాడు. అచ్చు వేసినట్టుంటుంది. షిఫ్ట్ ఇన్‌చార్జిని నేను, నా సంతకం పక్కన పెట్టుకుంటే సిగ్గేస్తుంది.

బావ పోయాక నువ్వు ఒక్కదానివే ఆ ఇంట్లో ఎలా ఉన్నావో రాయి. ఉన్నది ఉన్నట్టు రాయి.

నీ చెవిటి తమ్ముడు


ఫిబ్రవరి 20

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. అక్షరాలు ఇప్పటికీ కోడి కెలికినట్టే ఉన్నాయి కాబట్టి నువ్వే రాశావని నమ్మాను.

నేను బాగానే ఉన్నాను. పొద్దున ఏడుకి ఆఫీసు. కొండ మీది ఆరు గాలిమరల తోటలకీ మర్నాడు గంట గంటకీ ఎంత గాలి వీస్తుందో, ఎంత కరెంటొస్తుందో పదింటికల్లా గ్రిడ్ వాళ్ళకి చెప్పాలి. చెప్పినదానికంటే తక్కువొస్తే మా కంపెనీకి జరిమానా వాచిపోయేలా వేస్తారు. ఎక్కువొస్తే చెవి మెలిపెట్టి వదిలేస్తారు. అందుకని మా డెస్కులో ఒక ఆచారం ఉంది. వచ్చిన అంకెలోంచి పదో వంతు తీసేసి చెప్తాం. మా పెద్దసారు దానికి తరుగు అని పేరు పెట్టాడు. ఆ మాట విన్న మొదటిరోజు నాకు నాన్న గుర్తొచ్చి నవ్వాగలేదు. కాటా దగ్గర బస్తాకింత అని గోనె బరువు తరుగు తీసేవాడు కదా. ఇంత అంటే ఇంతే. పిడికెడు ఎక్కువ తీస్తే అది దొంగతనం అనేవాడు. ఆయన కూతురు ఇప్పుడు గాలికి తరుగు తీస్తోంది.

నలభై పిలుపుల సంగతి మనసులో పెట్టుకుని కుమిలిపోకు. మీ బావ ఆస్పత్రిలో ఉన్న నలభై రోజులూ నువ్వు ఉన్న సెలవులన్నీ ఊడ్చిపెట్టి ఆ వరండా బెంచీ మీద పడుకున్నావు. అదేం నేను మర్చిపోలేదు. ఈ వేసవిలో మీకు పిలుపులకి కొదవ ఉండదని నా అంచనా. నా అంచనాలు ఎలాంటివో నీకు తెలుసుగా.

పాలిటెక్నిక్ మాట మళ్ళీ ఎత్తకు. బాయిలర్ ముందు తప్ప నిన్ను ఇంకెక్కడా ఊహించుకోలేను.

మోకాళ్ళ నొప్పులకి నీ సంతోషం అందుకున్న
అక్క


ఏప్రిల్ 2

అక్కా,

నీ అంచనా నిజమైంది. ఒక్క మార్చిలోనే పంతొమ్మిదిసార్లు లేపారు మమ్మల్ని. ఒళ్ళు హూనమైపోయింది.

చిత్రమేమిటంటే, తెల్లారకుండానే ఫోన్ వస్తుంది, "ఈ రోజు గాలి తక్కువ, లేపండి" అని. నాలుగు గంటలు తంటాలు పడి ఆవిరి పట్టి లైనుకి ఎక్కిస్తాం. ఇంకో రెండు గంటలకి మళ్ళీ ఫోన్. "గాలి బాగానే ఉంది, ఇక దింపేయండి." మేస్త్రీ బాయిలర్ రేకు మీద అరచెయ్యి ఆనించి చూస్తాడు, జ్వరం చూసినట్టు. "మాటిమాటికీ లేపి పడుకోబెడితే మనిషికే ఒంట్లో బాగోదు, ఇనుముకెందుకు బాగుంటుంది" అంటాడు.

అక్కా, అడక్కూడదు గానీ అడుగుతున్నాను. నీకు నిద్ర పడుతోందా? వేళకి భోజనం చేస్తున్నావా? బావ పోయిన మొదటి ఏడాది నువ్వు పైకి బండరాయిలా ఉన్నావు, లోపల ఏముందో మాకెవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఏదైనా బయటికొస్తోందేమో. మనిషన్నాక మనసు ఒకచోట నిలవని రోజులుంటాయి. ఇక్కడ ఎవడైనా మీ కొండ డెస్కు లెక్కల గురించి నోరు జారితే నేను ఊరుకోవడం లేదు. నీ పేరు ఎక్కడా పడకుండా నేను చూసుకుంటున్నాను. ఆ సంగతి నాకొదిలేయ్.

మీ మరదలు తన లాండ్రీకి వచ్చిన ఈ నెల కరెంటు బిల్లు చూసి ఇల్లు పీకి పందిరేసింది. అడుగున చిన్న అక్షరాల్లో "సర్దుబాటు చార్జీ" అని ఒకటుంటుంది కదా, అది రెండింతలైంది. గాలి లెక్క తప్పినప్పుడు మాలాంటి స్టేషన్లని లేపడానికి అయ్యే ఖర్చు అదేనని వివరించాను. "అక్క లెక్క, తమ్ముడి బాయిలర్, మధ్యలో నా బిల్లేమిటి?" అంది. కడుపుమంటతో అన్నదే గానీ నాకు నవ్వొచ్చింది.

నీ మీద బెంగతో
తమ్ముడు


ఏప్రిల్ 12

తమ్ముడూ,

నిద్ర పడుతోంది, భోజనం చేస్తున్నాను, మనసు నిలిచే ఉంది. నువ్వు రాసిన ఆ ఒక్క వాక్యం, "నీ పేరు ఎక్కడా పడకుండా నేను చూసుకుంటున్నాను," నాలుగుసార్లు చదువుకుని కళ్ళు తుడుచుకున్నాను. నీకు అర్థమైపోయిందన్నమాట. చిన్నప్పుడూ అంతే, నేను ఏ డబ్బాలో ఏం దాచినా నువ్వు వాసన పట్టేసేవాడివి.

ఇక దీని గురించి రాయొద్దు. నువ్వూ అనకు, నేనూ అనను. నా లెక్కకి ఇప్పటికి ముప్పై ఒకటయ్యాయి. జూలై దాకా చాలా వ్యవధి ఉంది.

మరదలికి చెప్పు, ఆ బిల్లు పాపం కొంత నాదేనని. ఈసారి వచ్చినప్పుడు ఒక రోజంతా ఆమె లాండ్రీలో కూర్చుని బట్టలు మడతపెడతాను. తమాషాకి అనడం లేదు. ఇక్కడ మా మెట్ల మీద పక్కింటి టైలర్ నిన్న "ఏవమ్మా, గాలి మీ ఆఫీసులో పుట్టి మా బిల్లులో చస్తోందా?" అన్నాడు. నవ్వేసి లోపలికొచ్చి తలుపేసుకున్నాను. ఆ తర్వాత నీ ఉత్తరం తీసి మళ్ళీ చదివాను, కుదుటపడ్డాను.

మేస్త్రీ గారిని అడిగానని చెప్పు. ఇనుము గట్టిదేనని చెప్పు.

అక్క


మే 9

అక్కా,

నిన్న మధ్యాహ్నం రెండున్నరకి బాయిలర్ గొట్టం పగిలింది. వంపు తిరిగే చోట. మేస్త్రీ దాని ఎదురుగా వాల్వు మీద చెయ్యి వేసి ఉన్నాడు. నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. ఈ చెవులకి కూడా ఆ చప్పుడు వినపడింది.

ప్రాణానికి భయం లేదన్నారు. భుజం కాలింది, మెడ కాలింది. కుడిచెయ్యి మోచేతి దాకా పోయిందో ఉందో వారం దాటితే గానీ చెప్పలేమంటున్నారు. నేను పొద్దున్నుంచీ ఆస్పత్రి బెంచీ మీదే ఉన్నాను. నాకు బెంచీలు అలవాటేగా.

కంపెనీ విచారణాధికారి అప్పుడే వచ్చాడు. పాతికసార్లు లేపితే ఒకసారి బాయిలర్ ఆపి గొట్టాల మందం కొలవాలి. లాగ్‌బుక్కులో ఇంకా పదకొండే కనపడుతున్నాయి. "తనిఖీకి ఇంకా గడువుంది, కాబట్టి గొట్టం తప్పు కాదు. ఆవిరి ఒక్కసారిగా వదిలాడు, మనిషి తప్పు" అన్నాడు. మనిషి తప్పని రాస్తే మేస్త్రీ వైద్యం కంపెనీ చూడదు, ఆయనకి ఇవ్వాల్సిందీ ఇవ్వరు. మంచం మీద నుంచి మేస్త్రీ నా వైపు ఒక్కసారి చూసి, "అవును, నేనే తొందరపడ్డాను" అన్నాడు.

ఆయన తొందరపడలేదు. నేను చూశాను. అది నేను అప్పుడే చెప్పాల్సింది. నోరు పెగల్లేదు. ఎందుకు పెగల్లేదో ఇప్పుడు రాయలేను.

తమ్ముడు


మే 14

తమ్ముడూ,

ఇవాళ నా డెస్కు మీద ఉన్న ఆరు తోటల అంకెల్నీ ఒక్క తరుగూ తియ్యకుండా పంపించాను. ఆ తర్వాత కూర్చుని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఇది నాలుగో కాగితం, మూడు చింపేశాను.

పదో వంతు తియ్యాల్సిన చోట నేను మూడో వంతు తీశాను. ఫిబ్రవరి నుంచి. గాలి వస్తుందని తెలిసి రాదని చెప్పాను. రాదంటే మిమ్మల్ని పిలుస్తారని, పిలిస్తే నలభై నిండుతాయని, నిండితే నీ స్టేషన్ నిలుస్తుందని. మా పెద్దసారు చూశాడు, జరిమానాలు లేవు గదా అని చూడనట్టు ఊరుకున్నాడు. నీకు అర్థమైందని, నీకిష్టమేనని అనుకున్నాను. "నీ పేరు పడకుండా చూసుకుంటున్నాను" అన్నావు కదా, దాన్ని పట్టుకుని ఇన్నాళ్ళూ నిశ్చింతగా నిద్రపోయాను.

నేను ఉప్పు, పప్పు ఎక్కడైనా దొంగిలించానా? లేదు. ఊరందరి బిల్లుల్లోంచీ కాస్త కాస్త తీసి నీకు పంపించాను. ఎవరిదీ పెద్దది కాదు, కాబట్టి ఎవరికీ నష్టం లేదని సర్దిచెప్పుకున్నాను. గాలికేం, అది నోరులేనిది. మనిషి చెయ్యి కాలుతుందని మాత్రం నా లెక్కలో ఎక్కడా లేదు. బాయిలర్ని అన్నిసార్లు లేపిందీ చల్లార్చిందీ నేను. ఆ గొట్టాన్ని అరగదీసింది నేను.

ఒక్కటి అర్థం కావడం లేదు. నా లెక్కకి ముప్పై ఎనిమిదిసార్లు లేపారు మిమ్మల్ని. లాగ్‌బుక్కులో పదకొండు ఎలా ఉంటాయి?

అక్క


మే 21

అక్కా,

అడిగావు కాబట్టి చెప్తున్నాను.

మమ్మల్ని పిలిచి, లైనుకి ఎక్కిన మూడు గంటల్లోపే దింపేస్తే, లాగ్‌బుక్కులో "అంచనా తప్పు" అని రాసి, ఏ డెస్కు అంచనా తప్పిందో కూడా రాయాలి. ఒక డెస్కు మీద అలాంటివి పది పడితే ఆ డెస్కు మీద విచారణ. నీ డెస్కు మీద మార్చి మొదటి వారానికే తొమ్మిదయ్యేలా ఉన్నాయి. నేను రాయలేదు. గ్రిడ్ డెస్కులో ఉన్న పాత స్నేహితుణ్ణి బతిమాలుకుని, వాటన్నిటినీ "సొంత పరీక్ష, అరవేడి" అని రాశాను. అరవేడి పరీక్ష అంటే పూర్తి ఆవిరి ఎక్కించలేదని. దాన్ని పిలుపుల్లో లెక్కెయ్యరు. తనిఖీకీ లెక్కెయ్యరు. అలాంటివి ఇరవై ఏడు.

అంటే మార్చి ఆఖర్లోనే బాయిలర్ ఆపి గొట్టాలు కొలవాల్సింది. కొలిచి ఉంటే ఆ వంపు పల్చబడిందని ఆ రోజే తెలిసేది. ఇరవై ఏడింటి కిందా మేస్త్రీ సంతకం ఉంది. మొదటిసారి చదివి నా మొహం చూశాడు. "మా అక్క ఉద్యోగం, మేస్త్రీ" అన్నాను. కళ్ళజోడు తుడుచుకుని సంతకం పెట్టాడు. ఆస్పత్రిలో ఆయన నా వైపు ఎందుకు చూశాడో ఇప్పుడు నీకు తెలిసింది కదా.

నువ్వు "ముప్పై ఒకటి" అని రాస్తే, పాపం అక్క తన తప్పులు తనే లెక్కపెట్టుకుంటోందని ఏడ్చాను. నీకు మతి చెదిరిందనుకున్నాను. నిన్ను కాపాడుతున్నాననుకున్నాను. నువ్వు నా కోసం పిలుపులు పెంచుతున్నావు, నేను నీ కోసం వాటిని చెరిపేస్తున్నాను. నలభైకి నలభై అయినా ఈ స్టేషన్ మూతపడేదే.

కోపం కూడా వస్తోంది, దాచను. నిన్నెవరడిగారు? మొదటి ఉత్తరంలోనే పాలిటెక్నిక్ సంగతి రాశాను. అది బతిమాలుకోవడం కాదు, నాకు ఆ ఉద్యోగం కావాలి. కందిరీగ దగ్గరుండాలి. ఈ హోరులోంచి బయటపడాలి. స్టేషన్ మూస్తే వెళ్ళిపోదామని రోజులు లెక్కపెట్టుకుంటున్నాను. సూటిగా చెప్పడానికి సిగ్గేసింది, మగాడు పని వద్దంటున్నాడేమిటని నువ్వంటావేమోనని. నువ్వు ఇక ఆ మాట ఎత్తొద్దన్నావు, నోరు మూసుకున్నాను. నీ లెక్కలు తప్పుతున్నప్పుడు నేను లేకపోతే నీ గతేమిటని, ఏప్రిల్లో పాలిటెక్నిక్ వాళ్ళు పిలిస్తే రానన్నాను.

నిన్నెవరడిగారు అని రాశాక నాకే అనిపించింది, నన్ను మాత్రం ఎవరడిగారు?

తమ్ముడు


మే 27

తమ్ముడూ,

పొద్దున మీ విచారణాధికారికి కాగితం రాసి పంపించాను. జరిమానా భయంతో నేనే తరుగు ఎక్కువ తీశానని, ఎవరి ప్రోద్బలమూ లేదని. నీ మాట గానీ, లాగ్‌బుక్కు మాట గానీ ఎత్తలేదు. నా ఉద్యోగం పోతే పోనీ, నా మీద ఆధారపడి తినేవాళ్ళెవరు? నువ్వు పిల్ల ఉన్నవాడివి. నువ్వు నోరు విప్పకు. ఈ ఒక్కసారి అక్క మాట విను.

అక్క


మే 27

అక్కా,

ఈ మధ్యాహ్నం అధికారి ముందు కూర్చుని చెప్పేశాను. లాగ్‌బుక్కులో నేను కొన్నిచోట్ల బద్ధకించి తప్పు రాశానని, ఏవో ఎన్నో గుర్తులేదని. నీ డెస్కు మాట రాకుండా చూసుకున్నాను. అంకెలు చెప్తే తేదీలు తీస్తారు, తేదీలు తీస్తే నీ దగ్గరికొస్తారు. అందుకే గుర్తులేదన్నాను. నువ్వేమీ రాయకు. మేస్త్రీ చెయ్యి ఉంటుందన్నారు, వేళ్ళు మాత్రం మూసుకోవట.

తమ్ముడు


జూన్ 3

ఒరే తమ్ముడూ,

నీ ఉత్తరం, నా ఉత్తరం దారిలో ఒకదాన్నొకటి దాటుకుని పోయినట్టున్నాయి. ఇవాళ అధికారి మా ఆఫీసుకే వచ్చి నన్ను పిలిచి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపించాడు. ఉద్యోగం కాగితాల్లో నాది పుట్టింటి పేరే కదా, మన ఇద్దరి ఇంటిపేరూ కలిసిందని గమనించాడు. ఆయన మంచివాడో చెడ్డవాడో నాకు తెలియదు, గొంతు పెంచలేదు. "అమ్మా, మీరు చెప్పినదాని ప్రకారం లాగ్‌బుక్కు సరైనదే. మీ తమ్ముడు చెప్పినదాని ప్రకారం మహా అయితే నాలుగైదు చోట్ల తప్పుంది. ఎలా చూసినా పాతిక కాలేదు. అంటే మళ్ళీ మేస్త్రీ తప్పనే రాయాలి. సంతకం పెడతారా?" అని అడిగాడు.

ఆ కుర్చీలో నేను ఎలా కూర్చున్నానో నీకు చెప్పలేను. నేను నిన్ను దాచాను, నువ్వు నన్ను దాచావు. మనిద్దరం ఒకరినొకరం కాపాడుకున్న ప్రతిసారీ మధ్యలో ఆ పెద్దాయన్ని నిలబెడుతున్నాం. ఆయన్నడిగామా? మరదల్ని అడిగామా, మా మెట్ల మీది టైలర్ని అడిగామా? మనది ప్రేమే, కాదనను. కానీ దాని ఖర్చు మనం ఏ రోజూ పెట్టుకోలేదురా. ఎవరో ఒకరి మీద వేశాం.

నాన్న ఉంటే ఏమనేవాడో నాకు తెలుసు, ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

శనివారం పొద్దున రైల్లో వస్తున్నాను. స్టేషనుకి రా. నాకు కాఫీ, టిఫిను వద్దు, ఇంటికి కూడా తీసుకెళ్ళకు. తిన్నగా మేస్త్రీ దగ్గరికి పోదాం. ముందు ఆయనకి చెప్పి, ఆ తర్వాత అధికారికి చెప్దాం. ఇరవై ఏడు తేదీలూ నా దగ్గర గాలి లెక్కలతో సహా రాసున్నాయి. ఈసారి ఒక్కటీ తగ్గించం.

అక్క


జూన్ 19

అక్కా,

నువ్వు రైలెక్కి పన్నెండు రోజులైంది. ఆ రోజు మనిద్దరం చెప్పిందంతా విని మేస్త్రీ "మీ రైలెన్నింటికి?" అని మాత్రమే అడిగాడు కదా, నువ్వు దారి పొడుగునా అదే తలుచుకుని ఏడ్చావు. మనల్ని తిట్టి ఉంటే బాగుండేదన్నావు. నాకూ అదే అనిపించింది.

అధికారి మన ఇద్దరి వాంగ్మూలాలూ తీసుకున్నాడు. మేస్త్రీ తప్పన్న మాట కొట్టేస్తారట, కానీ ఒక మెలిక పెట్టాడు. ఇరవై ఏడు చోట్లా రాత దిద్దాలి, ప్రతి దిద్దుబాటు కిందా మొదట సంతకం పెట్టిన ఇద్దరూ మళ్ళీ పెట్టాలి. నేను లాగ్‌బుక్కు పట్టుకుని మేస్త్రీ ఇంటికి వెళ్ళాను. కుడిచెయ్యి కట్టులో ఉంది. వేలిముద్ర వేస్తే చాలు, అధికారిని అడిగి వచ్చాను అన్నాను. తల అడ్డంగా ఊపాడు. "సంతకం పెట్టి అబద్ధానికి ఒప్పుకున్నాను. సంతకం పెట్టే దిద్దుతాను" అన్నాడు.

ఎడమచేత్తో మొదలుపెట్టాడు. కళ్ళజోడు తీసి నాకిచ్చాడు, నేను తుడిచి పెట్టాను. ఎడమచెయ్యి కూడా నా చేత తుడిపించుకున్నాడు. మొదటి సంతకానికి పావుగంట పట్టింది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. అది చూసి మొహం తిప్పుకున్నాడు. రోజుకి అయిదు కంటే కాలేదు. నేను కాగితం కదలకుండా పట్టుకుని కూర్చున్నాను, ఆరు రోజులు. ఆయన ప్రతి సంతకానికీ ముందు దిద్దిన వాక్యం పైకి చదివాడు. "గ్రిడ్ పిలుపు. పూర్తి ఆవిరి. అంచనా తప్పు, కొండ డెస్కు." నీ డెస్కు మాట ఇరవై ఏడుసార్లు విన్నాను అక్కా. గట్టిగా చదివాడు, నాకు వినపడాలని.

ఇరవై ఏడోది నిన్న అయింది. అది కాస్త కుదిరింది. దాన్ని చాలాసేపు చూసుకున్నాడు.

నన్ను ఇన్‌చార్జి పని నుంచి తీసేశారు. స్టేషన్ ఎలాగూ జూలైలో మూసేస్తారు. పాలిటెక్నిక్ వాళ్ళకి జరిగిందంతా నేనే రాశాను, జవాబు రాలేదు, రాకపోవచ్చు. మీ మరదలు "లాండ్రీలో మడతపెట్టేవాళ్ళు ఇద్దరు కావాలి, అక్కని కూడా రమ్మను" అంది. నవ్వుతూ అనలేదు గానీ, తిడుతూ కూడా అనలేదు.

అసలు సంగతి మర్చిపోయాను. నేను లేస్తుంటే మేస్త్రీ ఆపి ఒక మాట అడిగాడు. కాలిన చర్మం మీద దుమ్ము గాలి తగిలితే మంటట. నెలరోజులుగా గదిలోనే ఉన్నాడు, ఒక్కసారి వాకిట్లో కూర్చోవాలనుందట. "గాలి లేని పూట ఎప్పుడో మీ అక్కనడిగి చెప్పు" అన్నాడు.

ఆయనకేం చెప్పమంటావు?

తమ్ముడు


జూన్ 24

తమ్ముడూ,

మేస్త్రీ గారికి ఇది చదివి వినిపించు. మెల్లగా, గట్టిగా చదువు.

అయ్యా, నన్ను ఆ డెస్కు నుంచి పంపించేశారు, కాబట్టి ఆఫీసు లెక్కలేవీ నా చేతిలో లేవు. పత్రికలో వచ్చే వాతావరణ పటాలు, నా డాబా మీద కట్టిన రిబ్బను, ఇరవై ఏళ్ళ అలవాటు, అంతే ఉన్నాయి. ఉత్తరం చేరడానికి మూడు రోజులు పడుతుంది, అందుకని ఆదివారం సంగతి రాస్తున్నాను. ఆదివారం పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా మీ ఊళ్ళో ఆకు కదలదు. ఎనిమిదిన్నర దాటాక పడమటి నుంచి మొదలవుతుంది, తొమ్మిదిన్నరకల్లా దుమ్ము లేస్తుంది. ఎనిమిదిన్నరకి లోపలికి వెళ్ళిపోండి. సోమవారం మంచిది కాదు. మంగళవారం నాకు తెలియడం లేదు, తెలిసినట్టు రాయను.

ఇన్ని రోజుల ముందు చెప్పే గాలి నాలుగింట ఒకసారి తప్పుతుంది. అందుకని ఆదివారం బయటికొచ్చే ముందు మా తమ్ముణ్ణి వాకిట్లో నిలబెట్టి చూడండి. వాడికి చెవులు లేవు గానీ చర్మం ఉంది.

ఇందులో తరుగేమీ తియ్యలేదు.

అక్క